అత్తగారి కుర్చీ పట్టేంత బట్టీ

వారానికోసారి కప్పులమ్మాయి పచ్చి కప్పుల్ని పాత దుప్పట్లలో చుట్టి, రెండు బుట్టల్లో సర్దుకుని, చంటిపిల్లల్ని మోసినట్టు మోసుకుంటూ బస్సెక్కేది. నలభై దాటినా వీధిలో అందరికీ ఆవిడ కప్పులమ్మాయే. ఆ వీధిలో ఎవరింట్లో కాఫీ తాగినా ఆవిడ చేసిన కప్పులోనే తాగాలి మరి. కప్పులు చేసేది ఇంటి వెనక వసారాలో, కాల్చేది ఊరికి ఆ చివరనున్న పెంకుల ఫ్యాక్టరీలో. అక్కడి పెద్ద బట్టీలో ఓ మూల అద్దెకిచ్చేవాళ్లు. కాల్చని మట్టి కప్పుకి ప్రాణం కొసన ఉంటుంది. డ్రైవరు బ్రేకు మీద కాలేస్తే ఒకటి, గతుకులొస్తే రెండు, పక్క సీటాయన "ఏముందమ్మా ఇందులో" అని మోచెయ్యి ఆనిస్తే ఇంకోటి పోయేవి. విరిగిన ముక్కల్ని ఇంటికి తెచ్చి, బకెట్లో నానబెట్టి, మళ్లీ ముద్ద చేసుకునేది. ఇన్నేళ్లలో ఆవిడకి విసుగు రాలేదు గానీ బస్సు కండక్టరుకి మాత్రం వచ్చింది.

ఓ వారం ఫ్యాక్టరీ మేనేజరు ఆవిణ్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మరీ కబురు చెప్పాడు. మనిషి మంచివాడే.

"వచ్చే నెల నుంచి బయటివాళ్ల సామాను బట్టీలో పెట్టనివ్వరమ్మా. పైవాళ్ల నిర్ణయం, నా చేతిలో ఏం లేదు. మీకైతే ఒక దారి చెప్తాను. ప్యాకింగులో మనిషి కావాలి. నెల జీతం, ఆదివారం సెలవు. ఒకటో తారీకు పొద్దున్న పదింటికల్లా వచ్చి సరేననండి, చాలు."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, కాళ్లయినా కడుక్కోకుండా గుమ్మంలో కూలబడింది. పెంకుల్ని అట్టపెట్టెల్లో సర్దే ఉద్యోగం చెడ్డదేం కాదు. కానీ పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వస్తే మట్టి ముట్టుకునేదెప్పుడు? ఆరు నెలలు ముట్టుకోకపోతే ఈ చేతులకి పని మరపుకి రాదూ? ఆవిడ భయమల్లా అదే.

"సొంతానికి ఓ చిన్న బట్టీ కట్టుకోరాదూ" అంది అత్తగారు, కొత్త చీపురు కొనుక్కోరాదూ అన్నంత తేలిగ్గా.

కప్పులమ్మాయి మొగుడు నీళ్ల ఆఫీసులో బిల్లులు రాస్తాడు. ఏ అంకె కనబడినా దాన్ని కాస్త తగ్గిస్తే తప్ప నిద్రపట్టని మనిషి. పిసినారి అనుకునేరు, కాదు. భార్య చేసిన కప్పులంటే ఆయనకి ప్రాణం, ఆఫీసులో గాజు గ్లాసులో టీ ఇస్తే పుచ్చుకోడు. ఆయన పేచీ అంతా అంకెలతోనే. ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని దాచుకున్నదంతా ఒకచోట చేర్చి చూసుకున్నారు. మరీ ఎక్కువా కాదు, మరీ తీసిపారేసేంతా కాదు.

"దీంట్లో అవుతుందా?" అందావిడ.

"అవకపోతే తగ్గిద్దాం" అన్నాడాయన ఉత్సాహంగా.

మర్నాడే మేస్త్రిని పిలిచారు. మేస్త్రికి కాగితం మీద ప్లాన్లు గీసే అలవాటు లేదు. ఏది కట్టాలన్నా కట్టాల్సిన చోటే, కట్టాల్సినంత కొలతతో, సుద్దముక్కతో నేల మీద గీస్తాడు. "నాలుగు రోజులు అందులో మసలండి, తర్వాత కడతాను" అంటాడు. గీత గీసినప్పట్నుంచీ ఆ చోటుకి కట్టబోయేదాని గుణం వచ్చేసేది. పోస్ట్‌మాన్ ఇంట్లో స్నానాలగది గీస్తే వారం రోజులు నేల తడారలేదు, పోస్ట్‌మాన్ భార్య పూటపూటా గుడ్డేసి తుడుచుకుంది. టైలరు వాళ్ల పడగ్గది గీసినప్పుడు ఆ పక్కగా వెళ్లినవాళ్లంతా ఆవలించారు. మేస్త్రుల్లో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి, ఈయనది ఇదీ అనుకునేవాళ్లు, అంతే.

పెరట్లో నిలబడి మేస్త్రి అడిగాడు. "ఎంత బట్టీ కావాలమ్మా?"

ఇన్నేళ్లు అద్దె మూలలో సర్దుకున్న మనిషి కదా, కప్పులమ్మాయి చేతులు రెండూ బార్లా చాపింది. "లోపల నేను నిలబడాలి. నా అంత ఎత్తు జాడీలు పట్టాలి."

మేస్త్రికీ హుషారొచ్చింది. అసలే చిన్న పనులంటే ఆయనకి నామోషీ. లోపల వేడికి ఓర్చుకునే ఫైర్ ఇటుక రెండు వరసలు గీశాడు, దానిచుట్టూ మామూలు ఇటుక ఇంకో రెండు వరసలు, ఓ పక్క గ్యాసు బర్నరుకి కన్నం. పొగగొట్టాన్ని నిలువుగా గీయడం కుదరదు కనక నేల మీద పడుకోబెట్టి గీశాడు. అది పెరడు దాటి, గేటు కిందుగా వీధిలోకి పోయింది. గీయడం అయ్యేసరికి పెరడంతా వెచ్చబడింది. పొగగొట్టం కొస దగ్గరికి వీధిలో పిల్లులన్నీ వచ్చి చేరి, ఒళ్లు విరుచుకుని పడుకున్నాయి.

అత్తగారు తన పేము కుర్చీ తెప్పించుకుని బట్టీ నడిమధ్యన వేయించుకుంది. ముందువైపు గీత లేని చోటునుంచి లోపలికెళ్లి, కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, కళ్లు మూసుకుంది.

"మోకాళ్ల నొప్పులు ఎటుపోయాయో తెలీడం లేదు. ఇక నన్ను ఇక్కణ్నుంచి కదపకండి" అంది.

మేస్త్రి ఖర్చు నోటితోనే చెప్పాడు. ఇటుకలు, సిమెంటు బదులు వేడికి తట్టుకునే వేరే మట్టి, ఇనప చట్రం, లోపల అరలకి పలకలు, బర్నరు, పొగగొట్టం, తన కూలి. మొత్తం విని మొగుడు తిన్నెమీద కూర్చుండిపోయాడు. వాళ్ల దగ్గరున్నది అందులో సగం కూడా లేదు.

"మేస్త్రి గారూ, మనం కడుతోంది బట్టీయేనా, మేడా?"

"మీరు చెప్పినట్టే గీశాను సార్. గీతకి ఖర్చు లేదుగా."

ఆదివారం పొద్దున్న కోత మొదలైంది. మొగుడు తను రాసుకున్న ఒక్కో ఖర్చూ చదవడం, మేస్త్రి తడిగుడ్డతో గీత తుడిచి మళ్లీ గీయడం, కప్పులమ్మాయి చెప్పులు విప్పి నేల వేడి చూడడం. ఆఖరి తీర్పు మాత్రం కుర్చీలోంచి వచ్చేది.

"ఫైర్ ఇటుక రెండు వరసలెందుకు? ఒకటి చాలదూ?" అన్నాడు మొగుడు. మేస్త్రి ఒక వరస తుడిచాడు.

"ఒరే, నా మడమలు చల్లబడ్డాయి" అంది అత్తగారు.

"ఎంత చల్లబడ్డాయమ్మా?"

"పావు వంతు."

"ఖర్చు అంతకంటే ఎక్కువే తగ్గింది. మనకి లాభమే."

"నీ లాభంతో నా మడమలు కాచుకోనా?"

తర్వాత బయటి గోడ. ఆ తర్వాత పొగగొట్టం. "మరీ ఇంత పొడుగు దేనికి? వీధిలో పిల్లుల కోసమా?" అని ఆయన మూర మూర చొప్పున తగ్గిస్తూ పోయాడు. తగ్గించినప్పుడల్లా పిల్లులు లేచి, మూరెడు ముందుకి జరిగి, మళ్లీ పడుకున్నాయి. మధ్యాహ్నానికి అవి గేటు లోపలికి వచ్చేశాయి. ఖర్చు దిగింది, వేడీ దిగింది. మట్టి కప్పు కాలడానికి కావాల్సిన వేడికి ఇది ఏ మూలకీ రాదని కప్పులమ్మాయి పాదాలకి తెలుస్తూనే ఉంది.

"ఇక బట్టీ కొలతే తగ్గించాలి" అన్నాడు మొగుడు, ఆవిడ మొహం చూడకుండా.

"జాడీలో?"

"జాడీలు తర్వాత చేసుకోవచ్చు."

"ఇన్నాళ్లూ తర్వాత తర్వాత అంటూనే కప్పుల దగ్గర ఆగిపోయానండీ. మీ అంకె కోసం ఇప్పుడు నా జాడీల మెడ కోయమంటారా?"

ఆవిడ చాలాసేపు ఆ గీతల మధ్యే మూతి ముడుచుకుని తిరిగింది. చివరికి మేస్త్రి చేతిలోంచి సుద్దముక్క లాక్కుని, తనే వంగి, గోడని ఓ జానెడు లోపలికి గీసింది. గీసీ గీయగానే అరికాళ్లు చురుక్కుమన్నాయి. ఇంకో జానెడు జరిపింది. ఇంకా వెచ్చబడింది. చిన్న గదికి చిన్న మంట చాలుతుందన్న సంగతి ఆవిడకి తెలియంది కాదు, ఒప్పుకోవడమే కష్టమైంది. జాడీల ఆశ పోయినందుకు బాధేసినా, అరికాళ్ల కింద ఆ వెచ్చదనం పెరుగుతుంటే నవ్వు ఆగలేదు. నాలుగు వైపులా జరుపుకుంటూ వచ్చింది.

"ఆగవే అమ్మాయ్, ఇంకొంచెం జరిగావంటే నేను లేచిపోవాలి" అంది అత్తగారు. నిజంగానే కుర్చీ కాళ్లు నాలుగూ గోడకి తగులుతున్నాయి. దాంతో బట్టీ కొలత అక్కడ ఖాయమైంది.

ఆ కొలతకి, ఒక్కో వరస గోడకి, పొట్టి పొగగొట్టానికి లెక్కేస్తే ఖర్చు వాళ్ల డబ్బుకి సరిగ్గా ఆ అంచున వచ్చి నిలబడింది. కప్పులు కాల్చేంత వేడి మాత్రం నిలబడలేదు. రొట్టె వేడిచేసుకోవచ్చు, తడిగుడ్డ ఆరేసుకోవచ్చు, అంతకుమించి కాదు. కప్పులమ్మాయి పచ్చి కప్పులు కొన్ని తెచ్చి కుర్చీ కింద పెట్టింది. అవి చక్కగా ఆరాయి, ఒక్కటీ బీటలివ్వలేదు. వేలితో మీటితే మాత్రం మట్టి చప్పుడే. కాలిన కప్పయితే ఖంగుమనాలి.

తర్వాతి రోజులన్నీ ఆఫీసు నుంచి రాగానే మొగుడు పెరట్లోనే గడిపాడు. గోడ మందం పెంచితే వేడి పెరిగేది, డబ్బు చాలేది కాదు. డబ్బు చాలితే అత్తగారి మడమలు చల్లబడేవి. అందులోంచి తీసి ఇందులో పెట్టాడు, ఇందులోంచి తీసి అందులో పెట్టాడు. చిట్టచివరికి, నెలాఖరు సాయంత్రం, గోడలన్నీ మళ్లీ ఒక్కో వరసకి తెచ్చి చేతులెత్తేశాడు.

"నా వల్ల కాలేదు" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఓ అంకెని పెంచాలనుకున్నాడు, పెంచడానికి చేతిలో ఏమీ లేదు.

"పోనీలెండి" అంది కప్పులమ్మాయి. "ఆదివారాలు చేసుకుంటాను." ఆ మాట అనేటప్పుడు ఆవిడకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. అత్తగారు కుర్చీలోంచే చెయ్యి చాపి కోడలి తల నిమిరింది.

ఒకటో తారీకు పొద్దున్న కప్పులమ్మాయి మంచి బట్టలు కట్టుకుని తయారైంది. గీతలు తుడిచేసి వెళ్దామని మేస్త్రి వచ్చాడు, మొహం వేలాడేసుకుని. ఆయన తడిగుడ్డ చూసేసరికి అత్తగారికి ఒళ్లు మండింది.

"చెరిపేసే బట్టీలో నేనెందుకు కూర్చోడం? ఒరే, నా కుర్చీ లోపలికి పట్రా" అని విసురుగా లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది. కొడుకు కుర్చీ ఎత్తుకుని వెనకే వెళ్లాడు. కుర్చీ కిందున్న కప్పులు మాత్రం అక్కడే మిగిలాయి.

మేస్త్రి వంగబోయి ఆగాడు. గీసిననాటి తర్వాత బట్టీని కుర్చీ లేకుండా చూడడం ఆయనకదే మొదలు. ఏదో వెలితిగా తోచి చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు.

"మొదలుపెట్టింది పూర్తిచెయ్యకుండా చెరపడం నాకు అలవాటు లేదమ్మా. ఒక గీత మిగిలిపోయినట్టుంది" అన్నాడు.

"ఇప్పుడు అదెందుకు మేస్త్రి గారూ" అందావిడ. "సరే, కానివ్వండి."

మేస్త్రి సుద్దముక్క తీసి, ముందువైపు ఖాళీలో, ఇన్నాళ్లూ అత్తగారు వస్తూ పోతూ ఉన్న చోట, తలుపు గీశాడు.

పెరడు ఒక్కసారిగా చల్లబడింది. కప్పులమ్మాయి పాదాల కింద నేల మామూలు నేలైపోయింది. పొగగొట్టం కొసన పడుకున్న పిల్లులు మాత్రం కెవ్వుమని ఎగిరి, తోకలెత్తుకుని గోడ దూకి పారిపోయాయి. ఆవిడ వాటివైపు చూసి, బట్టీవైపు చూసింది. గీతల లోపల గాలి ఉడుకుతున్న నీళ్లలా కదులుతోంది. బూడిదరంగు కప్పులు మెల్లమెల్లగా ఎరుపెక్కుతున్నాయి. ఆ రంగు ఆవిడకి బాగా తెలుసు. ఫ్యాక్టరీ బట్టీ కన్నంలోంచి చూసే రంగే.

"ఏవండీ" అని పిలిచింది. పిలుపులో ఏముందో ఏమో, మొగుడూ అత్తగారూ కూడా పరుగున వచ్చారు. మొగుడు గీత దగ్గర వంగి, ఒక కనుబొమ్మ కొంచెం కాల్చుకుని వెనక్కి వచ్చాడు.

అత్తగారు ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. "అంటే ఇన్నాళ్లూ తలుపు బార్లా తీసి పెట్టి వేడి చూశారన్నమాట."

"మీరు లోపల కూర్చునుంటే మీ మొహాన తలుపెలా గీస్తాను పెద్దమ్మా? మర్యాద కాదు కదా" అన్నాడు మేస్త్రి.

"తలుపు ఖర్చు మీరు చెప్పనేలేదు, నేనూ అడగలేదు" అన్నాడు మొగుడు, కనుబొమ్మ రుద్దుకుంటూ. "ఖర్చు తగ్గింది కదా అని ఊరుకున్నాను."

కప్పులమ్మాయి ఇవేవీ వినడం లేదు. గీత ముందు గొంతుక్కూర్చుని రంగు చూస్తోంది. ఎరుపు నారింజకి తిరిగింది, నారింజ పసుపు వైపు ఒరిగింది. ఇంట్లో గోడగడియారం తొమ్మిదిన్నర కొట్టింది.

"బస్సుకి టైమైంది" అన్నాడు మొగుడు మెల్లగా. "తలుపు గీత తుడిచి కప్పులు తీసేద్దామా?"

"ఎవరూ చెయ్యి వెయ్యకండి. వేడి మీద తలుపు తీస్తే అన్నీ బీటలిస్తాయి" అందావిడ, తల తిప్పకుండా. "చల్లారాలి. అంతదాకా నేను కదలను."

పది కొట్టింది. అత్తగారు వెళ్లి నాలుగు కాఫీలు కలిపి తెచ్చింది. మంచి బట్టలు మట్టిలో పొర్లుతున్నా కప్పులమ్మాయి అలాగే కూర్చుని తాగింది. ఫ్యాక్టరీలో ఇంకెవర్నైనా తీసుకుంటారేమో, తీసుకుంటే తీసుకోనీ అనుకుంది. అనుకున్నాక ఒంట్లో బరువంతా దిగిపోయినట్టయింది. భోజనాలు కూడా పెరట్లోనే అయ్యాయి. మేస్త్రి వేరే పనికి వెళ్లాలన్న సంగతే మరిచిపోయాడు.

పొద్దు వాలాక రంగు మళ్లింది. సుద్దగీతలు ఒక్కొక్కటే మాడి, రాలి, గాలికి పోయాయి. తుడవడానికి మేస్త్రికి ఏమీ మిగల్లేదు. కాస్త ఎర్రబారిన నేల మీద కప్పులు మాత్రం వరసగా నిలబడున్నాయి. చల్లారాయని చూసుకుని, ఆవిడ ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని గోటితో మీటింది. ఖంగుమంది. రెండోదీ అంతే. మూడోది మీటేసరికి మొగుడు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"మరి ఇలా గీతతోనే కాల్చేసుకుంటే, ఇటుకల ఖర్చు..." అని మొదలుపెట్టబోయాడు.

"ఒరే" అంది అత్తగారు. ఆయన నోరు మూసుకున్నాడు.

మేస్త్రి మాడిన నేలని కాలితో తట్టి చూశాడు. "గీత ఒక్కసారికే సార్. ఇది కట్టమంటోంది. మనం తేల్చిన కొలతే, ఒక్కో వరసే. ఈ తలుపొక్కటీ కలపండి."

మొగుడు అక్కడే కూర్చుని కాగితం మీద లెక్క మళ్లీ వేశాడు. డబ్బు తలుపు దాకా వచ్చింది, లోపలి అరల పలకల దగ్గర ఆగిపోయింది. ఆయన మొహం మళ్లీ దిగులు పడబోతుంటే కప్పులమ్మాయి ఆ కాగితం తీసుకుని మడిచి కొంగున కట్టుకుంది. "రేపు నేను చూసుకుంటాను" అంది.

మర్నాడు ఒకే ఒక్క కప్పుని గుడ్డలో చుట్టుకుని బస్సెక్కింది. కండక్టరు అలవాటుగా బుట్టల కోసం పక్కకి జరగబోయి, బుట్టలు కనబడక, కిటికీ పక్క సీటు చూపించాడు. దారంతా ఆవిడ బయటికి చూస్తూ కూర్చుంది. ఆ రోడ్డుకి అన్ని చెట్లున్నాయని ఇన్నేళ్లూ ఆవిడకి తెలీనే తెలీదు.

మేనేజరు ఆవిణ్ని చూసి లేచాడు.

"నిన్న వస్తారని చాలాసేపు చూశానమ్మా. పోనీలెండి, ఇవాళ్టి నుంచే రాసుకుంటాను."

ఆవిడ గుడ్డ విప్పి కప్పు ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన అలవాటుకొద్దీ గోటితో మీటి, ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా విన్నాడు.

"ఇదెక్కడ కాల్చారు?"

"ఇంట్లోనేనండి. ఉద్యోగానికని రాలేదు నేను. బట్టీ బాగుచేసినప్పుడల్లా మీరు తీసి పారేసే ఫైర్ ఇటుకలు, అరల పలకలు వెనక గోడ పక్కన పడుంటాయి కదా, అవి అమ్ముతారేమో కనుక్కుందామని."

మేనేజరు కాసేపు ఆవిణ్నీ, కప్పునీ చూసి, నవ్వాడు. ఎన్ని కావాలో అడిగాడు. కిటికీలోంచి ఆ గుట్ట వైపు చూసి, ఓ ధర చెప్పాడు.

కప్పులమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయనకెదురుగా, తీరిగ్గా కూర్చుంది.

"అది కొత్తవాటి ధరండీ" అంది. "పాతవాటికి చెప్పండి."